ధాత కరువునుండి ముదిమి పింఛను వరకు: కావేరిపట్టణ సీమలో స్థానిక పరిపాలనయు, దీనజన పోషణయు

ఒక రాజ్యపు గొప్పతనమును దాని కోటల యెత్తును బట్టియు, సేనల లెక్కను బట్టియు కొలుచుట చరిత్రకారులకు అలవాటు. అయితే అన్నము కరవైన ముదుసలి ఆ రాజ్యములో ఎవరి వాకిట నిలువవలసి వచ్చినది, ఆ వాకిట నున్న అధికారి ఆమెకు ఏమని బదులు చెప్పినాడు అను రెండు ప్రశ్నలకు సమాధానము వెదకినచో, ఏ శాసనమును చెప్పని సంగతులు బయటపడును. మన కావేరిపట్టణ సీమను ఆధారముగా గొని ఈ ప్రశ్నలను కొంత పరిశీలించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

కావేరిపట్టణమనగానే చదువరులలో కొందరికి కావేరీ సంగమమున వెలసిన చోళుల రేవుపట్టణము, పుగారు, జ్ఞప్తికి రావచ్చును. అది వేరు, ఇది వేరు. మన కావేరిపట్టణము దక్షిణ పినాకినీ తీరమున, కృష్ణగిరినుండి ధర్మపురికిని సేలమునకును పోవు బాటమీద నున్న ఊరు. మామిడితోటల నడుమ నున్న ఈ పట్టణము ఒకప్పుడు బారామహలు సీమలో ఒక చిన్న కోట గల స్థలము. 1767లో మొదటి మైసూరు యుద్ధమున హైదరాలీ సేనలును ఇంగ్లీషువారును దీనికై పెనగులాడిరి. నేడు ఇది పట్టణ పంచాయతి. తమిళమున దీనిని పేరూరాట్చి అందురు. చుట్టుపట్ల గ్రామములకు ఇది పంచాయతి యూనియను కేంద్రము కూడ. తమిళము రాజభాషగా నున్న ఈ ప్రాంతమున తెలుగు, కన్నడము, ఉర్దూ మాటలాడు కుటుంబములు తరతరములుగా కలిసి మెలిసి జీవించుచున్నవి.

పూర్వపు ఏర్పాటు

దక్షిణ దేశమున స్థానిక పరిపాలన నిన్న మొన్న పుట్టినది కాదు. పదవ శతాబ్దమున పరాంతక చోళుని కాలమునందలి ఉత్తరమేరూరు శాసనములు, ఓలలు కుండలో వేసి వారియములను, అనగా ఉపసంఘములను, ఎన్నుకొను పద్ధతిని వివరించుచున్నవి. చెరువునకొక వారియము, తోటకొక వారియము ఉండెడివి. తరువాత విజయనగర కాలమున ఆయగాండ్ర వ్యవస్థ బలపడినది. రెడ్డి, కరణము, తలారి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి మొదలగువారు గ్రామమునకు సేవచేసి, పంట కళ్ళమున తమ మేర పుచ్చుకొనెడివారు.

ఈ వ్యవస్థలో దీనులకు చోటు ఎక్కడ? కళ్ళమున రాశి కొలిచిన తరువాత మిగిలిన గింజలలోను, గుడి ప్రసాదములోను, ధర్మసత్రములోను వారి భాగము ఉండెడిది. అది దయమీద ఆధారపడినది గాని హక్కుమీద ఆధారపడినది కాదు. కులము తక్కువ యని ఎంచబడినవానికి ఆ దయ కూడ సగమే దొరకెడిది. ఇంతకు మించి పూర్వకాలమును స్వర్ణయుగమని కీర్తించుట న్యాయము కాదు. కాని ఒక్క గుణము మాత్రము ఒప్పుకొనవలెను: ఎవరి యింట పొయ్యి వెలుగలేదో ఊరి పెద్దలకు తెలియుచుండెను. ఈ తెలివి యొక్క విలువ ముందు ముందు స్పష్టమగును.

రీడు, మన్రోల కాలము

1792లో శ్రీరంగపట్టణపు సంధి వలన టిప్పు సుల్తాను బారామహలును ఇంగ్లీషు కంపెనీకి వదలుకొనెను. దాని పాలనకు కెప్టెను అలెగ్జాండరు రీడు నియమింపబడెను. ఆయన సహాయకులలో ఒకడు థామసు మన్రో. ఈతడే తరువాత దత్తమండలములకు కలెక్టరై, 1820లో మద్రాసు గవర్నరై, రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనునంతటి ఆదరమును సంపాదించెను. రైతువారీ పద్ధతికి బారామహలే పురిటిల్లు. జమీందారు మధ్యవర్తిత్వము లేక ప్రతి రైతు పేరును, ప్రతి పొలమును కచ్చేరి లెక్కలలో కెక్కెను. సర్కారు ఒక సామాన్యుని పేరు తెలిసికొనుట ఈ ప్రాంతమున ఇంత విరివిగా జరుగుట అదియే మొదలు. అయితే ఆ పేరు వ్రాసికొన్నది శిస్తు పుచ్చుకొనుటకు గాని, భృతి యిచ్చుటకు కాదు. నాగళ్ళకును ఎడ్లకును ఇచ్చు తక్కావి అప్పులు మాత్రము ఉండెను. అవియును తిరిగి చెల్లింపవలసినవే.

అదే కాలమున ఇంగ్లండులో ఏమి జరుగుచుండెనో చూచుట ఉచితము. అచ్చట 1601నాటి చట్టము ప్రకారము ప్రతి పారిషు, అనగా చర్చి గ్రామము, తన దీనులను పన్ను వసూలు చేసి తానే పోషింపవలెను. 1795లో బర్కుషైరు మేజిస్ట్రేటులు రొట్టె ధర పెరిగినకొలది కూలివానికి ఇచ్చు సహాయమును పెంచుటకు నిర్ణయించిరి. అనగా తమ దేశమున ఊరిపన్నుతో దీనులను పోషించుచుండిన ఆ ప్రభువులే, బారామహలులో ఊరినుండి శిస్తు పుచ్చుకొనుటను మాత్రమే స్థిరపరచిరి. పోషణ భాగము ఓడ యెక్కి ఈ దేశమునకు రాలేదు.

ధాత కరువు

ఆ లోటు ఎంతటిదో ధాత నామ సంవత్సరమున, అనగా 1876-77లో, తెలిసివచ్చినది. రెండు వర్షకాలములు వరుసగా తప్పినవి. మద్రాసు రాష్ట్రమున మెట్ట జిల్లాలన్నియు మాడిపోయినవి. కావేరిపట్టణము అప్పుడు సేలము జిల్లాలోనిది. 1871 జనాభా లెక్కలలో ఆ జిల్లా ప్రజలు సుమారు 19 లక్షల 67 వేలు. 1881లో సుమారు 16 లక్షలు. పెరుగవలసిన జనసంఖ్య పది సంవత్సరములలో మూడున్నర లక్షలకు పైగా తరిగినది. చచ్చినవారెందరో, వలసపోయినవారెందరో ఈ అంకెలలో కలిసిపోయినారు.

కరువు పనులలో కూలివానికి ఎంత యియ్యవలెనను విషయమున ఆనాడు పెద్ద వాదము జరిగినది. హిందూదేశ ప్రభుత్వము తరఫున వచ్చిన సర్ రిచర్డు టెంపులు 1877 జనవరిలో దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై కొద్దిపాటి కాసును చాలునని తగ్గించెను. మద్రాసు ఆరోగ్యశాఖాధికారియైన డాక్టరు కార్నిషు ఆ తిండితో పనిచేయు మనిషి బ్రదుకజాలడని ప్రతిఘటించెను. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వము కొలతను కొంత పెంచక తప్పలేదు. ఒక కచేరిలో కలముతో దిద్దిన అంకె వందల మైళ్ళ దూరమున నున్న కూలివాని ప్రాణమును తూచునని చెప్పుటకు ఇంతకంటె వేరు నిదర్శనము వలదు.

కరువు కమీషను 1880లో నివేదిక నిచ్చినది. దాని ననుసరించి 1883లో కరువు నిబంధనావళి ఏర్పడినది. పని చేయలేని ముసలివారిని, కుంటి గ్రుడ్డివారిని, పసిబిడ్డల తల్లులను వారి వారి గ్రామములలోనే పోషింపవలెననియు, వారి జాబితాలను గ్రామోద్యోగుల సాయమున తయారుచేయవలెననియు ఆ మార్గమున అంగీకరింపబడెను. గ్రామ మునసబు వ్రాయు జాబితాకు ప్రాణము నిలుపు శక్తి అప్పుడు వచ్చినది. హోసూరు చెంత తొరపల్లిలో 1878లో జన్మించిన చక్రవర్తి రాజగోపాలాచారిగారి తండ్రి ఆ గ్రామమునకు మునసబు. స్వతంత్ర భారతమున తొలి భారతీయ గవర్నరు జనరలగు ఆయన 1917నుండి 1919 వరకు సేలము పురపాలక సంఘమునకు అధ్యక్షులుగా నుండి ప్రజాజీవితమునకు పునాది వేసికొనిరి.

బోర్డులనుండి పంచాయతులకు

రిప్పను ప్రభువు 1882లో స్థానిక స్వపరిపాలనను గూర్చి తీర్మానము చేసెను. 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టము వచ్చినది. 1920లో స్థానిక బోర్డులకును గ్రామపంచాయతులకును క్రొత్త చట్టములు చేయబడెను. ఈ సంస్థలు బాటలు వేసినవి, బావులు త్రవ్వించినవి, బడులు తెరచినవి, దీపములు వెలిగించినవి. కాని ముదుసలికి నెలనెలా ఇంత యని ఇచ్చుట వాని పనులలో చేరలేదు. ఆ భారము కుటుంబముమీదనే నిలిచినది.

స్వాతంత్ర్యానంతరము ఈ స్థితి మారినది. బల్వంతరాయ్ మెహతా సంఘము 1957లో నివేదిక నిచ్చిన పిమ్మట 1959లో రాజస్థానమును, ఆంధ్రప్రదేశమును పంచాయతి రాజ్యమును ప్రారంభించినవి. మద్రాసు పంచాయతుల చట్టము 1958లో ప్యాసయ్యెను. దాని ప్రకారము పంచాయతి యూనియనులు ఏర్పడినవి. కామరాజుగారి ప్రభుత్వము 1956 ప్రాంతమున నెలకొల్పిన బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు ప్రభుత్వము కొంతయు, స్థానికులు కొంతయు భరించిరి. ఊరివారు బియ్యమును కూరగాయలను ఇచ్చి, తమ పిల్లలు తిను అన్నమునకు తామే పూచీపడిన సందర్భమిది. 1982 జులై 1వ తేదీన ఎం. జి. రామచంద్రన్ గారి ప్రభుత్వము దీనిని పౌష్టికాహార పథకముగా విస్తరింపజేసెను.

వృద్ధుల విషయమున 1957లో ఉత్తరప్రదేశము పింఛను మొదలుపెట్టినది. ఆంధ్రప్రదేశము 1960లోను, మద్రాసు రాష్ట్రము 1962 ఏప్రిలు 1వ తేదీనుండియు ఆ బాటను పట్టినవి. మద్రాసులో మొదట ఇచ్చినది నెలకు 20 రూపాయలు. తరువాత 1974లో అంగవికలురకును, 1975లో నిరాధార వితంతువులకును, 1981లో ముసలి వ్యవసాయ కూలీలకును, 1986లో భర్త విడిచిన స్త్రీలకును వేరువేరు పింఛనులు ఏర్పడినవి.

ఇచ్చట ఒక ముఖ్య విషయమును గమనింపవలెను. ఈ పింఛనులను మంజూరు చేయునది తమిళనాట రెవిన్యూ శాఖ. దరఖాస్తును విచారించునది గ్రామోద్యోగి, ఉత్తరువు నిచ్చునది తాసీల్దారు. పంచాయతి సభ్యునకు ఇందు చట్టరీత్యా స్వల్పమైన పాత్రయే. అయినను ముదుసలి మొదట పోయి అడుగునది ఆ సభ్యునినే. ఓటు వేయించుకొన్నవాడు వీధిలోనే యుండును గదా! మంజూరు చేయు అధికారము ఒకచోట, ప్రజలు నమ్మి పోవు వాకిలి మరియొకచోట నుండుటచే, నిబంధన మారినప్పుడెల్ల ఈ రెంటి నడుమ నున్న సందులో బీదవాడు పడిపోవుచున్నాడు.

మారిన దిక్కులు, మారిన మనుష్యులు

కావేరిపట్టణము 1965 వరకు సేలము జిల్లాలో నుండెను. ఆ యేడు అక్టోబరు 2వ తేదీన ధర్మపురి జిల్లా ఏర్పడగా అందు చేరెను. 2004 ఫిబ్రవరి 9వ తేదీన కృష్ణగిరి జిల్లా పుట్టగా మరల మారెను. మొదట దక్షిణముగా చాల దూరము పోవలసియుండెను, పిదప దక్షిణముగా కొంత దూరము, నేడు ఉత్తరముగా కొద్ది దూరము. దూరము తగ్గుట మేలే. కాని ఒక జీవితకాలములో మూడు జిల్లా కచేరీల పేర్లు కాగితములమీద మార్చుకొనవలసిన వృద్ధునకు, పాత చీటిలో సేలమనియు క్రొత్త చీటిలో కృష్ణగిరి యనియు ఉండుట ఎందుకో వివరించి చెప్పువాడు కావలెను.

అట్లు చెప్పువాడు పూర్వము కరణము. 1980 నవంబరులో తమిళనాడు ప్రభుత్వము వంశపారంపర్యముగా వచ్చుచుండిన గ్రామోద్యోగములను రద్దుచేసి, పరీక్షలో నెగ్గిన గ్రామ పరిపాలనాధికారులను నియమించెను. ఆంధ్రప్రదేశమున నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము 1984లో అదే పని చేసెను. కరణాల పెత్తనముచే బాధపడినవారికి ఇది విముక్తి. దస్తరమును తన సొత్తుగా భావించినవాని చేతినుండి అది ప్రజలకు రావలసినదే. కాని ఆ దినము ఒక సంగతి మరుగున పడినది: కరణమునకు ఊరిలోని ప్రతివాని వయస్సు, బంధుత్వము, ఆస్తి నోటికి వచ్చుచుండెను. క్రొత్త అధికారి బదిలీమీద వచ్చి బదిలీమీద పోవును. కరణము తెలివిని నిలుపుకొని అతని పెత్తనమును తొలగించు సంస్థ యేది? ఎన్నికైన స్థానిక సభయే యని సమాధానము చెప్పవలెను.

ఖాళీ కుర్చీల కాలము

అట్టి సభకు రాజ్యాంగమునందు స్థానము దొరకినది 73, 74వ సవరణల వలన. ఇవి 1992లో ఆమోదము పొంది 1993లో అమలులోనికి వచ్చినవి. గ్రామపంచాయతులకు ఉద్దేశించిన పదునొకండవ అనుబంధములో 29 విషయములు, పట్టణ సంస్థలకైన పండ్రెండవ అనుబంధములో 18 విషయములు పేర్కొనబడినవి. బలహీన వర్గముల క్షేమము, అంగవికలుర రక్షణ వీనిలో నున్నవి. 1994లో తమిళనాడు పంచాయతుల చట్టము వచ్చినది. కేంద్ర ప్రభుత్వము 1995 ఆగస్టు 15వ తేదీన జాతీయ వృద్ధాప్య పింఛనును ప్రారంభించినప్పుడు అర్హులను గుర్తించుటలో పంచాయతులకును పురపాలక సంఘములకును భాగ ముండవలెనని చెప్పినది. 2007 నవంబరులో ఆ పథకము దారిద్ర్యరేఖకు దిగువ నున్న వృద్ధులందరికిని విస్తరించినది. 2011లో అర్హత వయస్సు 65నుండి 60కి తగ్గినది. తమిళనాట పింఛను 2011లో 1,000 రూపాయలు, 2023లో 1,200 రూపాయలు అయినది. మనియార్డరు తెచ్చు తపాలా జవాను స్థానమున బ్యాంకు ఖాతా వచ్చినది.

మార్పులు ఇట్లు వెల్లువగా వచ్చుచుండగా, వానిని వివరించి చెప్పవలసిన సభ అప్పుడప్పుడు లేకయే పోయినది. తమిళనాట 1970 తరువాత పంచాయతి ఎన్నికలు మరల 1986లోనే జరిగినవి. పైన చెప్పిన వితంతు పింఛను, కూలీల పింఛను వచ్చినది ఆ నడిమి కాలముననే. మరల 2016 అక్టోబరులో స్థానిక సభల గడువు తీరెను. గ్రామములకు 2019 డిసెంబరులోను, కావేరిపట్టణము వంటి పట్టణ పంచాయతులకు 2022 ఫిబ్రవరి 19వ తేదీనను గాని ఎన్నికలు జరుగలేదు. ఆ అయిదేండ్లకు పైబడిన కాలమున ఏమేమి జరిగినవో తలచుకొనుడు. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినవి. 2017లో కాగితపు రేషను కార్డులు పోయి స్మార్టు కార్డులు వచ్చినవి. 2020లో మహమ్మారి వచ్చి, బియ్యము కార్డుల వారికి రేషను దుకాణములలో వేయి రూపాయలును ఉచిత బియ్యమును పంచబడెను. ఇన్నింటికిని వీధికొక ప్రతినిధి యుండవలసిన సమయమున కావేరిపట్టణపు సభామందిరమున ఎన్నికైన సభ్యుడొక్కడును లేడు. ప్రత్యేకాధికారులు తమ పని తాము చేసిరి. కాని ఇరువది వీధుల ముదుసలుల గోడు వినుట ఒక అధికారి వలన అగు పని కాదు.

పొరుగువారి అనుభవము

మన సరిహద్దు కావల కుప్పము ఆంధ్రదేశములోనిది. సంతలో కలిసికొను బంధువులు పింఛనుల మాట పోల్చి చెప్పుకొనుట సహజము. ఆంధ్రప్రదేశమున 2014 అక్టోబరునుండి పింఛను 200నుండి 1,000 రూపాయలకు పెరిగినది. 2019 అక్టోబరు 2వ తేదీనుండి గ్రామ, వార్డు సచివాలయములు వెలసినవి. 2020 ఫిబ్రవరినుండి సుమారు ఏబది యిండ్ల కొకరుగా నున్న వాలంటీర్లు నెల మొదటి దినమున ఇంటివద్దనే పింఛను నిచ్చుచు వచ్చిరి. 2024 ఎన్నికల సమయమున వారు పంచరాదని ఎన్నికల సంఘము ఆదేశింపగా, ఏప్రిలు, మే నెలల మండుటెండలో వృద్ధులు సచివాలయములకును బ్యాంకులకును నడువవలసివచ్చినది. 2024 జులై 1వ తేదీన పింఛను 4,000 రూపాయలై, పాత బకాయితో కలిపి 7,000 రూపాయలను సచివాలయోద్యోగులు ఇండ్లకు తెచ్చి యిచ్చిరి. ఇందు ఏ పక్షమువారి గొప్పయు చెప్పుట ఈ వ్యాసమునకు పని లేదు. పంచు చేయి మారిన రెండు నెలలలోనే కష్టము ఎవరిమీద పడినదో చూచినచో చాలును.

ఇంగ్లండును మరల చూతము. 1948లో అచ్చట పాత దీనజన చట్టము రద్దయి, పోషణ కేంద్ర ప్రభుత్వపు బాధ్యత అయినది. కాని 2013 ఏప్రిలునుండి ఇంటిపన్నులో బీదలకిచ్చు తగ్గింపును కేంద్రము వదలిపెట్టి, తక్కువ సొమ్ముతో స్థానిక సభలకు అప్పగించెను. ప్రతి సభయు తన నిబంధనలు తానే వ్రాసికొనవలసి వచ్చినది. అందుచే ప్రక్క ప్రక్క ఊళ్ళలో ఒకే స్థితి గల ఇద్దరు బీదలకు వేరు వేరు సహాయము దొరకుచు వచ్చినది. అయితే అనేక సభలు సలహాదారులను నియమించి, మారిన నిబంధనలను ప్రజలకు విడమరచి చెప్పి, దరఖాస్తులు నింపించి, తిరస్కరింపబడినవారి తరఫున అప్పీళ్ళు వ్రాయించినవి. డబ్బు ఎవరిదైనను, దారి చూపువాడు దగ్గర నుండవలెనను సత్యము అక్కడను ఋజువైనది.

భాష మాట

మన సీమలో దీనికి ఇంకొక చిక్కు కలదు. నిబంధన తమిళమున వచ్చును. తెలుగింటి ముదుసలి తమిళము మాటలాడగలదు గాని చదువలేదు. పలువురకు తెలుగు చదువును రాదు. 2023లో కుటుంబ స్త్రీలకు నెలకు వేయి రూపాయల హక్కుభృతి పథకము వచ్చినప్పుడు రేషను దుకాణముల ద్వారా టోకెన్లు, దరఖాస్తులు పంచిరి. తిరస్కరింపబడినవారు ముప్పది దినములలో రెవిన్యూ డివిజనలు అధికారికి అప్పీలు చేసికొనవచ్చునని గడువు పెట్టిరి. గడువు గల హక్కు అది తెలిసినవానికే హక్కు. తెలియనివానికి అది గోడమీది కాగితము.

రాజ్యాంగపు 350వ అధికరణము ప్రకారము ఏ పౌరుడైనను తన కష్టనివారణకై కేంద్రములో గాని రాష్ట్రములో గాని వాడుకలో నున్న ఏ భాషలోనైనను అర్జీ పెట్టుకొనవచ్చును. జిల్లాలో గాని, తాలూకా, పురపాలక సంఘము వంటి చిన్న ప్రాంతములో గాని నూటికి 15 మందికి తక్కువ గాక ఒక భాషవారున్నచో, ముఖ్యమైన ప్రకటనలను ఆ భాషలో కూడ ప్రచురింపవలెనని 1961నాటి ముఖ్యమంత్రుల సమావేశమున ఒప్పుకొనిరి. 1956నాటి ఏడవ సవరణ వలన భాషాల్పసంఖ్యాకులకై ప్రత్యేకాధికారి పదవియు ఏర్పడినది. ఈ హక్కులను మనము బడుల విషయమునను, పుస్తకముల విషయమునను తరచు తలచుకొందుము. పింఛను చీటి విషయమున తలచుకొనుట అరుదు. భాషాభిమానమునకు పద్యపఠనము ఎంత ముఖ్యమో, అవ్వకు వచ్చిన తాసీల్దారు ఉత్తరమును చదివి అర్థము చెప్పుట అంత ముఖ్యమని నా అభిప్రాయము. తమిళముతో తగవు పెట్టుకొనవలసిన పని యిందు లేదు. రెండు భాషలును తెలిసిన మన యువకులు ఈ పనికి సహజముగా తగినవారు.

ముగింపు

ఇంతవరకు చూచిన చరిత్ర మూడు సంగతులను తెలుపుచున్నది. మొదటిది: పోషణకు కావలసిన ధనము గ్రామము మోయలేనిది, దానిని పెద్ద ప్రభుత్వమే యియ్యవలెను. ధాత కరువు దీనికి సాక్షి. రెండవది: ఎవరికి ఇయ్యవలెనో తెలిసికొనుట దూరపు కచేరి వలన కాదు, దానికి ఊరి తెలివి కావలెను. మునసబు జాబితానుండి వార్డు సచివాలయము వరకు అందరును ఈ తెలివినే వెదకినారు. మూడవది: నిబంధన మారిన దినముననే బీదవానికి తోడు మిక్కిలి అవసరము. స్థానిక సభలు బలముగా నున్నపుడు ఆ తోడు దొరకినది. కుర్చీలు ఖాళీగా నున్నపుడు దొరకలేదు.

కావుననే పట్టణ పంచాయతులు పింఛను మంజూరు చేయు అధికారము తమకు లేదని చేతులు ముడుచుకొనరాదు. వార్డు వారీగా వృద్ధుల, వితంతువుల, అంగవికలుర జాబితాను తామును ఉంచుకొని, క్రొత్త ఉత్తరువు వచ్చినపుడు దానిని ప్రజల భాషలలో చదివి వినిపించి, ఆగిపోయిన పింఛను కారణమును తాసీల్దారు కచేరిలో కనుగొని తెలుపుట వారి వలన అగును. మన తెలుగు సంఘములు సంవత్సరమున కొకమారు ఉగాదినాడు కవిసమ్మేళనము జరుపుచున్నవి. అట్లే నెలకొక ఆదివారము ఒక బల్ల, రెండు కుర్చీలు వేసి, చదువురానివారి అర్జీలు వ్రాసిపెట్టుటకు కూర్చున్నచో, ఈ ప్రాంతపు చరిత్రలో ధర్మసత్రములు కట్టించినవారి ప్రక్కన మన సంఘములకును ఒక పంక్తి దక్కగలదు. పాత సత్రములు ఆకలిగొన్నవానికి ఒక పూట అన్నము పెట్టినవి. ఆ బల్ల యొద్ద వ్రాసిన అర్జీ ఒక అవ్వకు నెలనెలా అన్నము పెట్టగలదు. ఆ పుణ్యమునకు మన యువకులు ముందునకు వత్తురుగాక!